కొలతలున్న విమానం, కల్పిత దేశం

ఎన్నడూ గాలిలోకి లేవని విమానానికి చరిత్ర ఏమిటని కొందరు మిత్రులు ఆక్షేపించారు. ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. కాని కథలో పుట్టిన వస్తువు కూడా మనుషులు చేసిన వస్తువే గదా! దాన్ని ఎవరో కూర్చుని గీశారు, ఎవరో అచ్చు వేశారు, ఎవరో డబ్బిచ్చి కొన్నారు. అది ఏ సంవత్సరంలో గీయబడింది, ఆ సంవత్సరం లోకంలో ఏం జరుగుతూ ఉండింది, గీసినవాడు దేన్ని కళ్ళార్పకుండా చూశాడు, దేన్ని చూడకుండా దాటిపోయాడు అని అడగడం మొదలుపెడితే, నిజంగా ఎగిరిన అనేక విమానాలకన్నా ఈ ఎగరని విమానమే ఎక్కువ సమాధానాలు చెబుతుంది.

నేను చెప్పబోయేది కారెదాస్-160 అనే విమానం గూర్చి. బెల్జియం చిత్రకారుడు ఎర్జే - అసలు పేరు జార్జ్ రెమీ (1907-1983) - సృష్టించిన టిన్‌టిన్ బొమ్మల కథల్లో ఒకదాని పేరు ‘ఫ్లైట్ 714’. ఇది 1966 సెప్టెంబరు నుంచి 1967 నవంబరు వరకు బ్రస్సెల్సు నుంచి వెలువడిన టిన్‌టిన్ వారపత్రికలో ధారావాహికంగా వచ్చి, 1968లో పుస్తకమయింది. ఆ ఏడే ఇంగ్లీషులోకీ వచ్చింది. మన పట్టణాల్లో ఇంగ్లీషు చదువులు చదివిన పిల్లలకు టిన్‌టిన్ కొత్తవాడు కాడు. చదవనివాళ్ళకు పాత పుస్తకాల అంగళ్ళున్నాయి. నా ప్రతి అబిడ్సులో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. అట్ట లేదు గాని విమానం ఉన్న పేజీలన్నీ భద్రంగా ఉన్నాయి. అప్పటికి నాకు పదేళ్ళు.

కథ క్లుప్తంగా ఇది. సిడ్నీలో జరిగే అంతరిక్షశాస్త్ర మహాసభకు పోతూ టిన్‌టిన్ బృందం జకార్తాలోని కెమయోరాన్ విమానాశ్రయంలో ఆగుతుంది. అక్కడ లాజ్లో కారెదాస్ అనే కోటీశ్వరుడు తగులుతాడు. విమాన కర్మాగారాలూ, చమురూ, పత్రికలూ, శానీ-కోలా అనే పానీయమూ - అన్నీ ఆయనవే. ఆయన తన సొంత విమానంలో వీళ్ళను ఎక్కించుకుంటాడు. దారిలో సొంత కార్యదర్శే కుట్ర చేసి విమానాన్ని ఒక చిన్న ద్వీపానికి మళ్ళిస్తాడు. కుట్ర వెనుక ఉన్నది పాత విలను రాస్తపోపులోస్. వాడికి కావలసింది కారెదాస్ గారి స్విస్ బ్యాంకు ఖాతా నంబరు. ఆ ద్వీపంలో రెండవ ప్రపంచయుద్ధకాలంలో జపాను సైన్యం కట్టిన కాంక్రీటు గుహలున్నాయి. వాటికి కాపలా కాస్తున్నవాళ్ళు ‘సొండొనేషియన్లు’. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఇక విమానం సంగతి. దాన్ని గీసింది ఎర్జే కాదు. ఎర్జే స్టూడియోలో పనిచేస్తూ ఉండిన రోజర్ లెలూ. 1953లో స్టూడియోలో చేరిన ఈ యువకుడికి యంత్రాల మీద మక్కువ ఎక్కువ. అంతకుముందు కథల్లోని కార్లూ, విమానాశ్రయాలూ, కెప్టెన్ హడాక్ కూర్చునే చక్రాల కుర్చీతో సహా చాలావాటి మీద ఆయన చేయి ఉంది. కారెదాస్-160 కథలో ఒక మూల కనిపించి మాయమయ్యే వస్తువు కాదు, కథను మోసే వాహనం. కాబట్టి పాఠకులు దాన్ని నిశితంగా పరిశీలిస్తారనీ, నిజమైన విమానంలాగే ఉండి తీరాలనీ ఎర్జే భావించాడు. లెలూ దాన్ని ముక్కు నుంచి తోక వరకు లెక్కగా రూపొందించాడు. మూడు జెట్ ఇంజన్లు. ధ్వనికి రెట్టింపు వేగం. అవసరాన్ని బట్టి ముందుకు చాచుకుని, వెనక్కు ముడుచుకునే రెక్కలు. చర్మం వలిచి లోపలి ఎముకలు చూపినట్టు దాని అంతర్భాగాలన్నీ చూపే బొమ్మ కూడా తయారై, టిన్‌టిన్ పత్రికలో రెండు పేజీలు పరుచుకుని అచ్చయింది.

ఈ విమానానికి నమూనా కట్టాలనే కోరిక పదేళ్ళ వయసులో పుట్టి, ముప్పై దాటాక తీరింది. ఇందులో గొప్ప ఏమీ లేదు. ఐరోపాలో ఇటువంటి నమూనాలు కట్టేవాళ్ళు అనేకులున్నారు. వాళ్ళు బాల్సా కర్ర వాడతారు. మనకు అంతకన్నా దగ్గరలో తెల్ల పొణికి ఉంది. కొండపల్లి బొమ్మలు చేసే కర్ర అది. ఎండితే దూదిలా తేలిక, ఉలికి సులభంగా లొంగుతుంది. బొమ్మలవాళ్ళ పద్ధతే నేనూ పాటించాను. అవయవాలు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సందులు పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్దడం. రెక్కలకు పలుచని అల్యూమినియం రేకు. రెక్క తిరిగే ఇరుసుకు సైకిలు చక్రపు పుల్ల ముక్క. రెండు రెక్కలూ ఒకేసారి, ఒకే కోణంలో కదలాలి గనుక పాత అలారం గడియారంలోని సమానమైన రెండు పళ్ళ చక్రాలను ఒకదానితో ఒకటి పట్టేలా అమర్చాను. ఒకటి కుడికి తిరిగితే రెండోది ఎడమకు తిరుగుతుంది. రెక్కలు పక్షి రెక్కల్లాగే కలిసి ముడుచుకుంటాయి.

నమూనాకు ముందుగా కావలసింది కొలత. మెట్ల పక్కన నిలబడ్డ కెప్టెన్ హడాక్‌ను ఐదడుగుల పది అంగుళాల మనిషిగా లెక్కగట్టి, తలుపు ఎత్తు తీసి, తలుపును బట్టి పొడవు తీసి, 72వ వంతుకు కుదించాను. జానెడున్నర వచ్చింది. తరువాత వేరే పేజీల్లోని బొమ్మలతో సరిపోల్చి చూశాను. పక్క నుంచి చూసిన విమానమూ, పై నుంచి చూసిన విమానమూ, దూరాన మబ్బుల్లో చిన్న చేపలా కనిపించే విమానమూ - ఇంచుమించు ఒకే విమానం. తోక నిష్పత్తి మారదు. ఇంజన్ల చోటు మారదు. వారం వారం అచ్చుకు అందించే పనిలో ఈ నిలకడ సాధించడం సామాన్యం కాదు. అసలైన కర్మాగారంలో ఇంజనీరు పడే శ్రద్ధను ఒక బొమ్మల స్టూడియోలో పడ్డారు. శ్రమను గౌరవించేవాళ్ళం గనుక ఆ శ్రమకు మనం నమస్కరించవలసిందే.

ఆ ముడుచుకునే రెక్కల వెనుక పెద్ద చరిత్రే ఉంది. విమానం నేల నుంచి లేచేటప్పుడూ, దిగేటప్పుడూ వేగం తక్కువ. అప్పుడు దాన్ని మోయడానికి బారుగా చాచిన రెక్క కావాలి. ధ్వనివేగం దాటాక అదే రెక్క గాలికి అడ్డు. అప్పుడు వెనక్కు వాలిన రెక్క కావాలి. ఒకే విమానానికి రెండూ కావాలంటే ఇరుసు మీద తిప్పాలి. తిప్పితే ఇరుసు బరువు పెరుగుతుంది. రెక్క వెనక్కు పోయేకొద్దీ విమానాన్ని మోసే బలం కూడా వెనక్కు జరిగి ముక్కు కిందికి దిగజారుతుంది. ఈ చిక్కు విప్పే ప్రయత్నం నాజీ జర్మనీలోనే మొదలయింది. మెసర్‌ష్మిట్ కంపెనీ నేల మీదనే రెక్క కోణం మార్చగల ఒక విమానాన్ని కడుతూ ఉండగా 1945 ఏప్రిల్‌లో అమెరికా సేన ఆ కర్మాగారాన్ని పట్టుకుంది. దాన్ని ఆధారం చేసుకుని బెల్ కంపెనీ కట్టిన ఎక్స్-5, ఆకాశంలో రెక్క కోణం మార్చుకుంటూ 1951లో ఎగిరింది. 1964 డిసెంబరులో అమెరికావారి ఎఫ్-111 ఎగిరింది. దాని రెక్క 16 డిగ్రీల నుంచి 72.5 డిగ్రీల వరకు వాలుతుంది. సోవియట్ మిగ్-23 కూడా, ఫ్రెంచి దసో కంపెనీ మిరాజ్-జి కూడా 1967లో ఎగిరాయి. మిరాజ్-జి మొదటిసారి ఎగిరింది నవంబరులో. ‘ఫ్లైట్ 714’ చివరి వాయిదా అచ్చయింది కూడా ఆ నెలలోనే. అంటే ఫ్రెంచివాళ్ళ విమానం ఎగరకముందే బ్రస్సెల్సులో కాగితం మీది విమానం ఎగిరి, దారి తప్పి, ద్వీపంలో దిగిపోయింది కూడా.

మన దేశం మీద కూడా ఈ ముడుపు రెక్కలు చాలా కాలం ఎగిరాయి. మన వైమానిక దళం వాడిన మిగ్-23, మిగ్-27లు ఆ జాతివే. చివరి మిగ్-27లు 2019 డిసెంబరులో జోధ్‌పూర్‌లో సెలవు తీసుకున్నాయి. కారెదాస్ పాత్రకు మూలం ఫ్రెంచి విమానాల కోటీశ్వరుడు మార్సెల్ దసో. ఆయన కంపెనీ నుంచి మన ప్రభుత్వం 1953లో తూఫానీలు కొన్నది, 2016లో 36 రఫేల్‌లకు ఒప్పందం చేసుకున్నది. ఇది పక్కదారి, కథలోకి వద్దాం. ఒక్క మాట మాత్రం చెప్పి వస్తాను. పుస్తకం వెలువడిన 1968లోనే, మార్చి నెలలో, ఆరు ఎఫ్-111లు థాయిలాండులోని తాక్లీ స్థావరానికి చేరి వియత్నాం మీద బాంబులు వేయడానికి బయలుదేరాయి. వాటిలో మూడు తిరిగి రాలేదు. ముడుపు రెక్క అనే చమత్కారం పిల్లల పుస్తకంలో కోటీశ్వరుడి విలాసం; అదే సంవత్సరం ఆగ్నేయాసియా ఆకాశంలో అది వేరే పనిలో ఉంది. ఇక కోటీశ్వరుల సొంత ప్రయాణానికి ధ్వనివేగం మించే విమానం అంటారా, అది ఈనాటికీ సేవలోకి రాలేదు.

నమూనా పూర్తయ్యాక నాకు తోచిన ప్రశ్న ఇది. విమానానికి నమూనా కట్టగలిగాను. అదే పుస్తకం చేతబట్టుకుని సొండొనేషియాకు ఒక పటం గీయగలనా? ఆ కాపలా మనుషులకు ఒక ఊరు చెప్పగలనా? వాళ్ళు ఏ భూమి కోసం, ఎవరి మీద పోరాడుతున్నారో చెప్పగలనా? కథ ప్రకారం వాళ్ళు జాతీయ విమోచన యోధులు; తమ పోరాటానికి సాయం చేస్తానన్న రాస్తపోపులోస్ మాట నమ్మి వచ్చినవాళ్ళు. అంతకుమించి ఏమీ లేదు. వాళ్ళకు పేర్లు లేవు. భూగర్భంలోని గుడి దగ్గర దేవతల గుర్తు చూడగానే భయపడి ఆగిపోయేవాళ్ళు వాళ్ళు. వాళ్ళు తిరిగి వెళ్ళవలసిన పడవల్లో మందుపాతర పెట్టించానని రాస్తపోపులోస్ తన నోటనే చెప్పుకుంటాడు. ఒక విమోచనోద్యమం యావత్తు నీళ్ళలో మునిగిపోయే పథకం ఆ కథలో హాస్యసన్నివేశంలో ఒక చిన్న వాక్యం!

జకార్తా పేరు నిజం. కెమయోరాన్ నిజం. విమానాశ్రయంలోని యంత్రాలు నిజం. సాయుధుడైన ఆసియావాడు తెరమీదికి వచ్చేసరికి మాత్రం అతని దేశం పేరు మారిపోయింది. ఒక ‘ఇ’ పోయి ‘సొ’ చేరింది. ఒక అక్షరం అటూ ఇటూ అయింది. ఆ అక్షరంతోపాటు చరిత్ర కూడా పోయింది.

పిల్లల పుస్తకాన్ని ఇంత బరువు ప్రశ్న అడగవచ్చునా అని సందేహం రావచ్చు. అడగవచ్చు. ఎందుకంటే పిల్లలు నిశితంగా చూస్తారని మొదట ఒప్పుకున్నది ఆ చిత్రకారుడే. పాఠకుడి చూపుకు భయపడే విమానాన్ని అంత జాగ్రత్తగా గీయించాడు. అదే పాఠకుడు ఆ మనుషులను కూడా చూస్తాడనే భయం ఆయనకు కలగలేదు. ఈ రెంటి మధ్య ఉన్న తేడాయే నా వ్యాసవిషయం.

ఆ తేడా ఎలా ఏర్పడిందో రెండు ఉదాహరణలు చెబుతాను. ‘బ్లాక్ ఐలండ్’ అనే కథ స్కాట్లండులో జరుగుతుంది. దాన్ని ఇంగ్లీషులో వేయదలచిన లండన్ ప్రచురణకర్తలు, బ్రిటన్ చిత్రణలో 131 తప్పులున్నాయని జాబితా పంపారు. ఎర్జే తన సహాయకుడు బాబ్ ద మూర్‌ను బ్రిటన్ పంపి, రైళ్ళూ పోలీసుల దుస్తులూ పరిశీలింపజేసి, పుస్తకమంతా మళ్ళీ గీయించి 1966లో తెచ్చాడు. రెండో ఉదాహరణ ‘ల్యాండ్ ఆఫ్ బ్లాక్ గోల్డ్’. 1950 నాటి పుస్తకంలో అది పాలస్తీనాలో జరిగేది. హైఫా రేవూ, బ్రిటిషు సిపాయిలూ, యూదుల రహస్య సాయుధదళమూ అందులో ఉండేవి. అదే లండన్ ప్రచురణకర్తల కోరిక మీద 1971లో అవన్నీ తొలగించి, కథను ఖెమెద్ అనే కల్పిత దేశానికి తరలించారు. మొదటిదానిలో బ్రిటన్ ఇంకా వాస్తవం కావాలి. రెండోదానిలో బ్రిటన్ పాలన మాయం కావాలి. రెండు కోరికలూ ఒకే ఊరి నుంచి వచ్చాయి. లండనులో తప్పులు లెక్కపెట్టి పంపగల ప్రచురణకర్త ఉన్నాడు. జకార్తాలో అటువంటివాడు లేడు. ఉన్నా అతని ఉత్తరానికి బ్రస్సెల్సులో ఎవరు ఉలిక్కిపడతారు? వాస్తవికత అనేది రచయిత చిత్తశుద్ధి వల్ల మాత్రమే పుట్టదు. వాస్తవాన్ని అడిగి తీసుకోగల బలం ఎవరికి ఉందనే దాన్ని బట్టి కూడా పుడుతుంది.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్ళకు ఇది వింతగా తోచనవసరం లేదు. మన ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలున్నాయి. అశ్వలక్షణాలు చెప్పడానికి మనకు ప్రత్యేకంగా ఒక శాస్త్రమే ఉంది. మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసము’ రాశాడు. రాజుగారి గుర్రానికి ఎన్ని సుళ్ళు ఎక్కడెక్కడ ఉండాలో చెప్పగలిగిన సంప్రదాయం, ఆ గుర్రానికి గడ్డి కోసి తెచ్చినవాణ్ణి గూర్చి ఎన్ని పద్యాలు చెప్పింది? యజమాని వాహనానికి శాస్త్రం ఉంటుంది. దాన్ని తోమేవాడికి ఉండదు. కారెదాస్-160 కూడా రాజుగారి గుర్రమే. సుళ్ళ లెక్క తప్పలేదు.

ఐతే ఎర్జేను ఇక్కడితో తేల్చిపారేయడం విమర్శ అనిపించుకోదు. జర్మనుల ఆక్రమణలో ఉన్న బెల్జియంలో, వాళ్ళ అదుపులోని ‘లె స్వార్’ పత్రికలో బొమ్మలు గీసినవాడు ఆయన. ఆ మచ్చ ఆయనను వదలలేదు. కాని అంతకుముందు 1934-35లో ‘బ్లూ లోటస్’ గీసినవాడూ ఆయనే. బ్రస్సెల్సులో శిల్పవిద్య చదువుతున్న చైనా విద్యార్థి ఝాంగ్ చోంగ్‌రెన్ పక్కన కూర్చుని చెబుతూ ఉండగా, 1931లో మంచూరియా ఆక్రమణకు జపాను కల్పించిన రైలుదారి పేలుడు నాటకాన్ని ఆ కథలో ఎండగట్టాడు. షాంఘై గోడల మీద ఝాంగ్ తన చేత్తో చైనా లిపిలో నినాదాలు రాశాడు: సామ్రాజ్యవాదం నశించాలని, అసమాన సంధులు రద్దు కావాలని. ఐరోపా పిల్లలు వాటిని చదవలేరు; అలంకారమనుకుని ఉంటారు. చదవగలవాడికి మాత్రం ఆ గోడలు మాట్లాడతాయి. ఆ దేశపు మనిషి ఒకడు బల్ల పక్కన ఉంటే ఏం జరుగుతుందో ‘బ్లూ లోటస్’ చెబుతుంది. ‘ఫ్లైట్ 714’ నాటికి స్టూడియో పెద్దదయింది, ఇంజనీరు చూపు గల చిత్రకారుడు వచ్చాడు. జావా మనిషి రాలేదు.

‘ఫ్లైట్ 714’లో కూడా ఒకచోట ఎర్జే వ్యంగ్యం అసలు లక్ష్యానికి తగిలింది. కారెదాస్ చేత ఖాతా నంబరు చెప్పించడానికి డాక్టరు క్రోల్‌స్పెల్ నిజం చెప్పించే మందు ఎక్కిస్తాడు. కారెదాస్ నంబరు చెప్పడు. చిన్నప్పటినుంచి తాను చేసిన దొంగతనాలన్నీ వరసగా ఒప్పుకుంటాడు. పెనుగులాటలో ఆ సూది రాస్తపోపులోస్‌కు కూడా గుచ్చుకుంటుంది. ఇక ఇద్దరికీ పందెం: లోకంలో అందరికన్నా దుర్మార్గుడు నేనంటే నేనని. దోచుకునేవాడికీ దోపిడీ అయినవాడికీ భేదం లేదని పిల్లలకు ఇంత నవ్వుతో చెప్పిన ఘట్టం నేను మరెక్కడా చదవలేదు. పందెం మధ్యలోనే ఆ పడవల రహస్యం బయటపడుతుంది. ఇద్దరు ధనికుల జగడం అంత సజీవంగా గీసిన చేతికి, ఆ జగడంలో చావబోయే మూడోవాడి ముఖం మాత్రం గీయబుద్ధి కాలేదు.

ఇక ఆ వారపత్రికలో విమానం జకార్తా నుంచి లేచిన కాలానికి నిజమైన ఇండోనేషియాలో ఏం జరిగిందో చెప్పాలి. 1965 అక్టోబరు 1 తెల్లవారుజామున కొందరు సైనికాధికారులు ఆరుగురు జనరల్స్‌ను చంపారు. దాన్ని సాకుగా తీసుకుని సుహార్తో సైన్యాన్ని చేజిక్కించుకున్నాడు. సోవియట్ యూనియనూ చైనాలను మినహాయిస్తే ప్రపంచంలో అతి పెద్దదైన ఇండోనేషియా కమ్యూనిస్టు పార్టీని, దానితోపాటు రైతుసంఘాలనూ, కార్మికసంఘాలనూ, మహిళాసంఘాన్నీ వేటాడటం మొదలయింది. జావాలో, బాలిలో, సుమత్రాలో ఐదు లక్షలకు తక్కువ కాకుండా జనం హతులయ్యారని చరిత్రకారుల అంచనా. బాలి ద్వీపంలోనే సుమారు 80 వేలమంది. నదులు శవాలతో నిండాయి. జకార్తాలోని అమెరికా రాయబార కార్యాలయం నుంచి సైన్యానికి పార్టీ నాయకుల పేర్ల జాబితాలు అందాయి. 1966 మార్చి 12న పార్టీ నిషేధించబడింది. ఆ సెప్టెంబరులో ‘ఫ్లైట్ 714’ ప్రారంభమయింది. పశ్చిమదేశాల పత్రికల్లో కొన్ని ఈ మారణకాండను శుభవార్తగానే రాశాయి. ఎర్జే దీన్ని దాచిపెట్టాడని నేను అనను. ఆయన బల్ల మీదికి విమాన కంపెనీల ప్రచారపత్రాలు వచ్చాయి, బాలి గ్రామాల వార్తలు రాలేదు. వచ్చే సరుకును బట్టి బొమ్మ.

ఈ పత్రిక చదివేవాళ్ళకు మరొక సంగతి దగ్గరగా తగలాలి. 1943లో తెనాలిలో మన అభ్యుదయ రచయితలు సమావేశమైన ఏడేళ్ళకు, 1950లో, ఇండోనేషియా రచయితలూ కళాకారులూ ‘లెక్రా’ అనే ప్రజాసంస్కృతి సంస్థ పెట్టుకున్నారు. 1965 తరువాత అది నిషిద్ధమయింది; సభ్యులెందరో చంపబడ్డారు, మరెందరో చెరలో పడ్డారు. నవలాకారుడు ప్రముద్య అనంత తూర్‌ను 1965 అక్టోబరు 13న పట్టుకున్నారు. ఆయన పుస్తకాలూ రాతప్రతులూ నాశనం చేశారు. 1969లో బురూ ద్వీపానికి పంపారు. కాగితం లేని కాలంలో ఆయన తన నవలను సాటి ఖైదీలకు నోటితో చెప్పాడు. వాళ్ళు విని గుర్తుంచుకున్నారు. విచారణ అన్నది లేకుండానే 1979లో విడుదలయ్యాడు. 1980లో ఆ నవలల్లో మొదటిది అచ్చయితే మరుసటి ఏడే నిషేధించారు. టిన్‌టిన్ పుస్తకంలోనూ ఖైదీలతో ఒక ద్వీపం ఉంది. ఆ ఖైదీలను ఎగిరే పళ్ళెంలో వచ్చిన గ్రహాంతరవాసులు కాపాడతారు. బురూకు ఎవరూ రాలేదు. 2023 జనవరిలో గాని ఇండోనేషియా అధ్యక్షుడు జోకో విడోడో 1965-66 ఘోరాలు జరిగాయని అధికారికంగా ఒప్పుకుని విచారం తెలపలేదు. అప్పుడు కూడా క్షమాపణ చెప్పలేదు.

ఆ సముద్రాల మీద నిజంగా ఎగిరిన విమానాల మాటేమిటి? వాటిలో కొన్ని మన దేశంవి. 1947 జూలై 21న డచ్చివాళ్ళు కొత్త రిపబ్లిక్ మీద దాడి ప్రారంభించినప్పుడు, బిజూ పట్నాయక్ ఒక డకోటా తీసుకుని జావాలో దిగి, మాజీ ప్రధాని సుతాన్ షహ్రీర్‌ను తప్పించి సింగపూరు మీదుగా ఢిల్లీ చేర్చాడు. ఆగస్టు 14న షహ్రీర్ భద్రతామండలిలో తన దేశం తరఫున మాట్లాడాడు.

1955 ఏప్రిల్ 11న ఎయిరిండియా విమానం ‘కాశ్మీర్ ప్రిన్సెస్’, బాండుంగ్ మహాసభకు పోయే చైనా ప్రతినిధులనూ విలేకరులనూ ఎక్కించుకుని హాంకాంగ్ నుంచి జకార్తాకు బయలుదేరింది. చౌ ఎన్-లై అందులో ఉంటాడనుకుని కొమింటాంగ్ గూఢచారి ఒకడు హాంకాంగులోనే బాంబు అమర్చాడు. చౌ ఎక్కలేదు. నతూనా ద్వీపాల దగ్గర అది పేలింది. కెప్టెన్ జతార్ మండుతున్న విమానాన్ని సముద్రం మీదికి దించాడు. ఆయనతో సహా 16 మంది చనిపోయారు, సిబ్బందిలో ముగ్గురే బతికారు. కారెదాస్ విమానం దారి తప్పింది బ్యాంకు ఖాతా కోసం. ఈ విమానాన్ని పేల్చింది ఆసియా, ఆఫ్రికా దేశాలు ఒకచోట కూర్చోకూడదని. సాహసకథ కావాలంటే ఇందులో ఏం తక్కువ?

నా పనిబల్ల మీద ఇప్పుడు మరొక పొణికి దిమ్మ ఉంది. ఈసారి కట్టేది వి.టి.-సి.ఎల్.ఎ. దీనికి లెలూ వంటి చిత్రకారుడు అక్కరలేదు. డకోటా కొలతలు ఎక్కడైనా దొరుకుతాయి. రెక్కలు ముడుచుకోవు గనుక గడియారం చక్రాలతో కూడా పని లేదు. భారతదేశపు గుర్తు వేసుకున్న ఈ విమానం సింగపూరు నుంచి మందులు తీసుకుని 1947 జూలై 29న యోగ్యకర్త చేరుతూ ఉండింది. ప్రయాణం గూర్చి ముందే తెలియజేశారు. రెండు డచ్చి కిట్టీహాక్‌లు దాన్ని కాల్చివేశాయి. ఉన్న తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది పోయారు. వాళ్ళలో ఇండోనేషియా వైమానిక దళాన్ని పాదుకొల్పిన ముగ్గురున్నారు: అదిసుచిప్తో, అబ్దుల్‌రహ్మాన్ సాలెహ్, అదిసుమార్మో. విమానం నడిపినవాడు కాన్‌స్టంటైన్ అనే ఆస్ట్రేలియావాడు. ఇంజనీరు భీదారాం అనే భారతీయుడు. మరునాడే మన దేశం ఇండోనేషియా సమస్యను భద్రతామండలి ముందు పెట్టింది. యోగ్యకర్త, మలంగ్, సోలో పట్టణాల విమానాశ్రయాలకు ఆ ముగ్గురి పేర్లు పెట్టారు. విమానం కూలిన ఙోతో గ్రామంలో స్మారకచిహ్నం ఉంది.